ఆటోనగర్ (విజయవాడ): యువతకు, కుటుంబాలకు సహాయ సేవలు

జవహర్ ఆటోనగర్ విజయవాడ తూర్పు భాగంలో పటమట, కానూరులను ఆనుకుని ఉన్న మోటారు పారిశ్రామికవాడ. 1960ల్లో రూపుదిద్దుకున్న ఈ వాడ దేశంలోని పెద్ద మోటారు మరమ్మతు కేంద్రాల్లో ఒకటి. చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం చేరే రహదారి విజయవాడలోనే కలుస్తాయి. డెల్టా ధాన్యం, గుంటూరు మిర్చి, బందరు వైపు సరుకు ఇక్కడి నుంచే దూరప్రాంతాలకు వెళ్తాయి. లారీలు ఆగే ఊరు కాబట్టి లారీలను బాగుచేసే ఊరు కూడా అయింది. బాడీ బిల్డింగ్, ఇంజను పని, టింకరింగ్, పెయింటింగ్, లేత్, రేడియేటర్, స్ప్రింగ్ పట్టీలు, బ్యాటరీ, సీట్ల పని, పాత విడిభాగాల వ్యాపారం ఇక్కడి ప్రధాన వృత్తులు. ఈ పనుల్లో బతికే యువతకూ వారి కుటుంబాలకూ ఉన్న సహాయ సేవలు ఏమిటి, అవి ఎక్కడ అందుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఇక్కడ సేవలకు కొరత లేదు. అయితే చాలా సేవలు మనిషిని ఇంటి చిరునామా ద్వారానో, బడి రిజిస్టరు ద్వారానో, జీతాల పట్టీ ద్వారానో గుర్తిస్తాయి. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు తరచుగా ఈ మూడింటిలోనూ కనిపించడు. ఆటోనగర్‌కు సంబంధించిన అసలు సమస్య ఇదే.

షెడ్డు అనే ఆసరా

ఆటోనగర్‌లో చాలా షెడ్లు చిన్నవి. ఒక మేస్త్రీ, ఒకరిద్దరు చేయి తిరిగిన పనివాళ్లు, ఒక హెల్పరు ఉంటే షెడ్డు నడుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు మొదట పానాలు అందిస్తాడు, విడిభాగాలు కడుగుతాడు, టీ తెస్తాడు. క్రమంగా నట్టు ఎంత బిగించాలో, ఇంజను చప్పుడులో తేడా ఎక్కడుందో వినడం, చూడడం ద్వారానే తెలుసుకుంటాడు. పుస్తకం లేకుండా, పరీక్ష లేకుండా ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిన ఈ విద్య వల్లనే వాడ నిలబడింది. పని నేర్పడంతో మేస్త్రీ పాత్ర ముగిసిపోదు. ఇంట్లో జబ్బు వస్తే అడ్వాన్సు ఇచ్చేది, చెల్లెలి పెళ్లికి సర్దేది, వ్యసనాల వైపు వెళ్తుంటే మందలించేది చాలాసార్లు ఆయనే. ప్రభుత్వ లెక్కల్లో ఏ పద్దు కిందా రాని ఒక సంక్షేమ వ్యవస్థ ఇలా షెడ్డులో నడుస్తోంది. దాని మేలును తక్కువ చేయకూడదు, దాని లోపాన్ని దాచకూడదు. ఆ ఆసరా అంతా ఒక వ్యక్తి మంచితనం మీద ఆధారపడి ఉంది. మేస్త్రీ మంచివాడైతే కుర్రాడికి బతుకుదెరువు దొరుకుతుంది, కాకపోతే అడిగే దిక్కు ఉండదు. ఆదుకున్న అడ్వాన్సే అతణ్ని అదే షెడ్డుకు కట్టిపడేసే అప్పుగా మారవచ్చు.

ప్రభుత్వ సేవలు

కుటుంబానికి మొదటి మెట్టు వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ వ్యవస్థలో విద్యకు, సంక్షేమానికి, మహిళల రక్షణకు వేర్వేరు కార్యదర్శులు ఉన్నారు. ఆరేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ బాలింతలకూ 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రాలు పనిచేస్తాయి. పేద మహిళల పొదుపు సంఘాలకు పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) అండగా ఉంటుంది. వేరే ఊరి నుంచి వచ్చిన కుటుంబం సొంత ఊరి కార్డుతోనే ఇక్కడ రేషను తీసుకోవచ్చు. రాష్ట్రాల మధ్య ఈ సౌకర్యాన్ని దేశంలో మొదట పరీక్షించిన జంటల్లో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ ఒకటి, అది 2019లోనే. పెద్ద వైద్య ఖర్చులకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. బీమా ఉన్న కార్మికులకు గుణదలలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది.

పిల్లలు, యువత విషయానికి వస్తే ఆపదలో ఉన్న బాలల కోసం 1098 నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఏర్పడే బాలల సంక్షేమ కమిటీ పిల్లల సంరక్షణపై నిర్ణయాలు తీసుకుంటుంది. బడి మధ్యలో మానేసినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి, ఇంటర్ పూర్తి చేయవచ్చు. పద్నాలుగేళ్లు నిండినవారికి ఐటీఐ తలుపులు తెరిచే ఉన్నాయి, మోటారు మెకానిక్ కోర్సు కాలం రెండేళ్లు. పది నుంచి పందొమ్మిదేళ్ల వారి ఆరోగ్యానికి 2014లో ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. మానసిక ఒత్తిడిలో ఉన్నవారు 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు మాట్లాడతారు, ఇది 2022లో వచ్చింది. ఇన్ని సేవలున్న నగరంలో సహాయం దొరకలేదని ఎవరైనా అంటే వినేవారికి ఆశ్చర్యం కలగవచ్చు. ఆ మాట ఎందుకు నిజమో తెలియాలంటే ఇక్కడి స్వచ్ఛంద సంస్థల చరిత్ర చూడాలి.

స్వచ్ఛంద సంస్థలు చూపిన దారి

ఆటోనగర్ పక్కనే, పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. నాస్తికవాద దంపతులు గోరా, సరస్వతీ గోరా 1940లో ముదునూరులో స్థాపించిన ఈ కేంద్రం 1947లో విజయవాడకు వచ్చింది. ఆ కుటుంబానికే చెందిన చెన్నుపాటి విద్య నాయకత్వంలో పెరిగిన వాసవ్య మహిళా మండలి 1969 నుంచి స్త్రీలు, పిల్లల కోసం పనిచేస్తోంది. వీధి బాలల కోసం ఎస్‌కేసీవీ అనే సంస్థ 1985లో, సలేషియన్ ఫాదర్ల నవజీవన్ బాల భవన్ 1989లో విజయవాడలో మొదలయ్యాయి. విజయవాడ నాలుగు దిక్కుల నుంచి రైళ్లు వచ్చి కలిసే జంక్షన్. ఇల్లు వదిలిన పిల్లలు ఇక్కడ దిగిపోతారు. వారికి చిరునామా ఉండదు, బడి పేరు ఉండదు, వారి తరఫున దరఖాస్తు రాసే పెద్దవారు ఉండరు. అందుకే వీధి బాలల కోసం పనిచేసేవారు పిల్లలు తమ దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా ప్లాట్‌ఫారాలకూ వీధులకూ తామే వెళ్లడం నేర్చుకున్నారు. విజయవాడ సేవాచరిత్ర నేర్పే ముఖ్యమైన పాఠం ఇది.

నవజీవన్‌కు ప్రేరణ అయిన సలేషియన్ సభ స్థాపకుడు డాన్ బాస్కో చరిత్రలో ఆటోనగర్‌కు సూటిగా పనికొచ్చే ఘట్టం ఒకటి ఉంది. ఇటలీలోని టురిన్ నగరంలో వడ్రంగుల దగ్గర, ఇతర పనివాళ్ల దగ్గర పని నేర్చుకునే పేద కుర్రాళ్ల తరఫున ఆయన 1850ల్లో యజమానులతో రాతపూర్వక ఒప్పందాలు చేయించాడు. పని తప్ప వేరే చాకిరీ చేయించకూడదు, చేయి చేసుకోకూడదు, సెలవు రోజులు ఇవ్వాలి అన్న షరతులు వాటిలో ఉండేవి. ఆయన పని మాన్పించలేదు, పని నేర్పే మేస్త్రీని శత్రువుగా చూడలేదు. కుర్రాడికీ మేస్త్రీకీ మధ్య ఉన్న నోటిమాటను కాగితం మీదికి తెచ్చి, దానికి మూడో మనిషిని సాక్షిగా నిలబెట్టాడు. రైల్వే స్టేషనులో ఉన్న పిల్లవాడి కోసం విజయవాడ ఈ సంప్రదాయం నుంచి ఎంతో తీసుకుంది. షెడ్డులో ఉన్న కుర్రాడి కోసం ఇంకా తీసుకోవలసి ఉంది.

సేవలు ఆగిపోయే చోటు

మొదటి కారణం షెడ్ల చిన్న పరిమాణం, కొన్ని అంకెలు చూస్తే ఇది అర్థమవుతుంది. సాధారణంగా ఈఎస్‌ఐ వర్తించాలంటే సంస్థలో కనీసం పది మంది పనివాళ్లు ఉండాలి, నెల వేతనం 21,000 రూపాయలు దాటకూడదు. 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం కింద, 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, ముప్పై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలు తప్పనిసరిగా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్నవి ఇష్టముంటే తీసుకోవచ్చు. నలుగురు కూడా లేని షెడ్డుకు ఆ వ్యవస్థలో చోటే లేదు. అప్రెంటిస్ భృతిలో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల పరిమితితో, ప్రభుత్వం భరించే పథకం 2016లో వచ్చింది. అది కూడా ఈ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. పని నేర్పడంలో వాడ మొత్తం ఒక పెద్ద కళాశాల అంత పని చేస్తుంది. కానీ చట్టం షెడ్లను విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికి ఆ కళాశాల కనిపించదు.

రెండో కారణం పాలన సరిహద్దులు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లగా, పక్కనే ఉన్న కానూరు, పెనమలూరు మండలంతో పాటు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. పటమటలో పనిచేసి కానూరులో అద్దెకుండే కుటుంబానికి పని ఒక జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో. కార్మిక శాఖ అధికారి ఒక కలెక్టరు కింద, సచివాలయం ఇంకో కలెక్టరు కింద ఉంటారు. పారిశ్రామికవాడ నిర్వహణ ఐలా (పారిశ్రామికవాడ స్థానిక సంస్థ) చేతిలో ఉంటుంది. అది ప్లాట్లను, పన్నులను, రోడ్లను, డ్రెయిన్లను చూస్తుంది. షెడ్డులో ఎవరు పని నేర్చుకుంటున్నారో నమోదు చేయడం దాని బాధ్యతల్లో లేదు. మూడో కారణం కాలం. షెడ్డు తెరిచి ఉండే వేళలూ కార్యాలయాలు తెరిచి ఉండే వేళలూ ఒకటే. ఒక ధ్రువపత్రం కోసం రెండుసార్లు తిరిగితే రెండు రోజుల కూలి పోతుంది. రోజు కూలీ మీద నడిచే ఇంట్లో ఉచిత సేవకు కూడా ఇలా ఖరీదు కట్టవలసి వస్తుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

సహాయాన్ని షెడ్డు దగ్గరికి తీసుకెళ్తే బాల కార్మిక వ్యవస్థకు ఆమోదముద్ర వేసినట్టవుతుందన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. దీనికి స్పష్టంగా జవాబు చెప్పాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లవాణ్ని షెడ్డులో పనికి పెట్టుకోవడం నేరం, దానికి ఏ మినహాయింపూ ఉండకూడదు. 1986 నాటి చట్టం కింద నిషిద్ధ వృత్తుల పట్టికలో మోటారు వర్క్‌షాపులు కూడా చేరాయి. 2016 సవరణ యజమానుల దగ్గర పద్నాలుగేళ్లలోపు పిల్లల పనిని పూర్తిగా నిషేధించి, ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు గానీ, 20,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పెట్టింది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని కూడా చెప్పింది. ఆ స్ఫూర్తి ప్రకారం థిన్నరు వాడే పెయింటింగ్, గ్యాస్ వెల్డింగ్ వంటి పనులకు ఈ వయసు వారిని దూరంగా ఉంచాలి. అయితే ఈ హద్దులు అమలవుతున్నాయో లేదో తెలియాలంటే షెడ్డులో ఎవరున్నారో ముందు తెలియాలి. తనిఖీ రోజున కుర్రాణ్ని వెనక గదిలోకి పంపే యజమాని ఉన్నచోట చట్టం కాగితం మీదే ఉంటుంది. పిల్లవాణ్ని విడిపించి ఇంటికి పంపినా, ఇంటి అప్పు తీరకపోతే, బడిలో మళ్లీ కుదురుకునే ఏర్పాటు లేకపోతే అతడు వేరే షెడ్డుకే వెళ్తాడు. నమోదు, రోజువారీ పరిచయం నిషేధాన్ని బలహీనపరచవు, దానికి కళ్లిస్తాయి.

చిన్న యజమాని ఈ భారం మోయలేడన్నది రెండో అభ్యంతరం. ఒక్కొక్క షెడ్డు మీద వేస్తే నిజంగానే మోయలేడు. జర్మనీలో చిన్న చేతివృత్తుల దుకాణాలకు కూడా ఇదే ఇబ్బంది ఉంది. అక్కడ వృత్తి సంఘాలు ఉమ్మడి శిక్షణ కేంద్రాలు నడుపుతాయి. దుకాణంలో దొరకని పాఠం ఆ కేంద్రంలో దొరుకుతుంది, ఖర్చు అందరూ పంచుకుంటారు. ఆటోనగర్‌లో మెకానిక్కులకూ లారీ యజమానులకూ బలమైన సంఘాలు చాలాకాలంగా ఉన్నాయి. షెడ్లను ఒక సమూహంగా చూసి, అప్రెంటిస్‌షిప్‌కు ఆ సంఘాన్నే ఉమ్మడి యజమానిగా గుర్తిస్తే నలుగురు లేరన్న అడ్డంకి తొలగుతుంది. పుస్తకం చదవకుండానే నిపుణుడైన మేస్త్రీకి, ముందే వచ్చిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పద్ధతి ఇప్పటికే దేశంలో ఉంది. ఆ పత్రంతో మేస్త్రీకి గురువు హోదా కూడా వస్తుంది.

విద్యుత్ వాహనాలు వస్తున్నాయి, ఈ వృత్తులే పోతాయి, ఇప్పుడు ఈ ఏర్పాట్లెందుకు అన్నది మూడో మాట. బాడీ, బ్రేకులు, చక్రాలు, సస్పెన్షన్ విద్యుత్ వాహనానికీ ఉంటాయి. ఇంజను పని తగ్గేకొద్దీ బ్యాటరీ, వైరింగ్, సాఫ్ట్‌వేర్ తెలిసినవారి అవసరం పెరుగుతుంది. పదో తరగతి కూడా లేని కుర్రాడు ఆ మార్పులో మొదట నష్టపోతాడు. అందుచేత మార్పు రాబోతోందన్న మాట ఈ ఏర్పాట్లను వాయిదా వేయడానికి కారణం కాదు, తొందరపడడానికి కారణం.

చేయవలసింది

ఆటోనగర్‌కు కొత్త పథకం కన్నా ముందు కావలసింది ఉన్న పథకాలన్నీ కలిసే ఒక చోటు. వాడ లోపలే, షెడ్లు మూసే వేళ తర్వాత కూడా తెరిచి ఉండే ఒక సహాయ కేంద్రం ఉండాలి. దాన్ని ఐలా, వృత్తి సంఘాలు, రెండు జిల్లాల యంత్రాంగాలు కలిసి నడపాలి. పనిలో చేరే ప్రతి యువకుడి వయసు, పని, వేతనం, సెలవులు రాసిన ఒప్పందం అక్కడ నమోదు కావాలి. సార్వత్రిక పదో తరగతి పాఠాలు సాయంత్రం అక్కడే జరగాలి. దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రి, ఏ బీమా అన్నది అక్కడే తేలాలి. తల్లికి పొదుపు సంఘం రుణం దొరికితే కొడుకు అడ్వాన్సుకు బందీ కానక్కరలేదు కాబట్టి మెప్మా ప్రతినిధి కూడా అక్కడ కూర్చోవాలి. కౌమార దశలో వచ్చే భయాలు, వ్యసనాల గురించి గుట్టుగా మాట్లాడగల సలహాదారు అక్కడ ఉండాలి. వాడ పనికి నేరుగా రాకపోయినా ఈ ఇళ్లలోనే పెరిగే ఆడపిల్లల చదువు, నైపుణ్య శిక్షణ కూడా ఇదే కేంద్రం చూడాలి. ఎందుకంటే అన్న పనిలో చేరాక ఇంటి పనీ తమ్ముళ్ల బాధ్యతా ఎక్కువగా ఆమె మీదే పడతాయి.

ఇందులో అసాధ్యమైనదేదీ లేదు. చట్టాలు ఉన్నాయి, పథకాలు ఉన్నాయి, సంఘాలు ఉన్నాయి, పిల్లల దగ్గరికి తామే వెళ్లి పనిచేసిన సంస్థల అనుభవం ఈ ఊళ్లోనే ఉంది. ఆరు దశాబ్దాలుగా డెల్టా నలుమూలల కుటుంబాలకు బతుకుతెరువు చూపిన వాడలో పని నేర్చుకునే ప్రతి కుర్రాడికీ ఒక పేరు, ఒక ఒప్పందం, అడిగే హక్కు ఉండాలి. వాటిని కల్పించే బాధ్యత మేస్త్రీ దయకు వదిలేయదగినది కాదు. అది ప్రభుత్వానిదీ, వృత్తి సంఘాలదీ.