గాలి నిలిచిన రోజున: మిశ్రమ విద్యుత్ వ్యవస్థల చరిత్ర

విద్యుచ్ఛక్తిని పుట్టించుట ఒక సమస్య. దానిని కావలసిన క్షణాన అందించుట వేరొక సమస్య. మొదటిదానిని గూర్చి పాఠ్యపుస్తకాలు విరివిగా చెబుతాయి. రెండవదాని చరిత్ర అంతగా తెలియదు. అందులో ఒక ముఖ్యమైన ఘట్టం ఒక పాఠశాలలోనే జరిగినది.

డెన్మార్కులోని ఆస్కోవ్ అనే పల్లెలో గ్రామీణ యువజనులకు విద్య నేర్పే ఉన్నత పాఠశాల ఒకటి ఉండేది. పౌల్ లాకూర్ (1846–1908) 1878లో అక్కడ ఉపాధ్యాయుడుగా చేరాడు. అంతకు ముందు అతడు వాతావరణ శాస్త్రజ్ఞుడు. తంతి యంత్రాలలో కొన్ని క్రొత్త పద్ధతులు కనిపెట్టినవాడు. ఆ రోజులలో విద్యుద్దీపాలు పట్టణాల సొత్తు. పల్లెలకు ఆ వెలుగు రావాలంటే కొననక్కరలేని ఇంధనం కావాలి. డెన్మార్కులో అటువంటిది గాలి. 1891లో ప్రభుత్వం ఇచ్చిన ధనసహాయంతో లాకూర్ ఒక గాలిమరను నిర్మించి దానికి డైనమో తగిలించాడు.

గాలి మనిషి కోరినప్పుడు వీచదు గదా! దీపం పెట్టే వేళకు ఆకైనా కదలకపోవచ్చును. ఊరంతా నిద్రించే వేళ మర గిరగిర తిరగవచ్చును. ప్లాంటే 1859లో తయారుచేసిన సీసపు నిల్వ ఘటం అప్పటికే వాడుకలో ఉన్నది, కాని ఖరీదు అధికం. అందుచేత లాకూర్ విద్యుత్ప్రవాహాన్ని నీటిలోనికి పంపి, నీటిని ఉదజని, ఆమ్లజనులుగా విడగొట్టి, ఆ వాయువులను నిల్వచేశాడు. ప్రతి ఉన్నత పాఠశాలలోను చేసి చూపే విద్యుద్విశ్లేషణ ప్రయోగమే ఇది. 1895 నుండి 1902 వరకు ఆస్కోవ్ పాఠశాలలో ఈ వాయుదీపాలు వెలిగినవి. చిక్కులు లేకపోలేదు. ఉదజనిలో ఆమ్లజని కలిస్తే అది ప్రేలుడు మిశ్రమం. పాఠశాల కిటికీ అద్దాలు పలుమార్లు పగిలి, క్రొత్తవి బిగించవలసి వచ్చినది. ఆ రసాయన పాఠాన్ని విద్యార్థులు మరచి ఉండరు.

చివరకు లాకూర్ నిల్వ ఘటాలకే మరలాడు. అతని పద్ధతిలో వెలసిన పల్లె విద్యుత్కేంద్రంలో గాలిమర, ఘటాల వరుస, గాలి బొత్తిగా లేని రోజులకు ఒక చిన్న చమురు ఇంజను ఉండేవి. నేడు ‘హైబ్రిడ్’ అని పిలిచే మిశ్రమ విద్యుత్ వ్యవస్థకు ఇది మూలరూపం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో చమురు దిగుమతి కష్టమైనందున ఈ కేంద్రాలకు గిరాకీ పెరిగినది. 1918 నాటికి డెన్మార్కులో సుమారు 120 గ్రామీణ సంస్థలు గాలిమరలు వాడుతుండేవి. తరువాత పెద్ద కేంద్రాల నుండి తీగలు వచ్చినవి, గాలిమరలు వెనుకబడినవి.

కాని తీగ చేరని చోట్లు మిగిలే ఉన్నవి. వాటి అవసరం ముందుగా టెలిఫోను ఇంజనీర్లకు తెలిసివచ్చినది. అమెరికాలో బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు చాపిన్, ఫుల్లర్, పియర్సన్ 1954లో సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించారు. తనపై పడిన సూర్యశక్తిలో అది సుమారు 6 శాతం విద్యుత్తుగా మార్చేది. మరుసటి ఏడు అక్టోబరులో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ వద్ద ఒక గ్రామీణ టెలిఫోను లైనుకు సౌరఘటాల పలకను అమర్చారు. పగలు మిగిలిన శక్తి నిల్వ ఘటంలో చేరి రాత్రికి ఉపయోగపడేది. శాస్త్రరీత్యా ప్రయోగం నెగ్గినది. ధర మాత్రం అందలేదు.

సెల్‌ఫోను వచ్చిన తరువాత ఇదే సమస్య లక్షల రెట్లు పెరిగినది. మన దేశంలో సెల్‌ఫోను సేవలు 1995లో మొదలైనవి. విద్యుత్తు సరిగా రాని ఊళ్లలో టవరు ప్రక్కన డీజిల్ జనరేటరును నిలబెట్టారు. టవరుకు సాధారణంగా కావలసినది కొద్ది కిలోవాట్లే. జనరేటరు మాత్రం, శీతలయంత్రపు మోటారు కదలగానే లాగే అధిక ప్రవాహాన్ని కూడ తట్టుకోవలెను గనుక, అంతకు కొన్ని రెట్లు పెద్దది. ఇక్కడనే నష్టం. ఇంజనులోని ఘర్షణకు, పంపులకు, ఫ్యానుకు పోయే శక్తి భారం తగ్గినంత మాత్రాన అంతగా తగ్గదు. పైగా తక్కువ భారంతో నడిచే ఇంజను తగినంత వేడెక్కదు. ఇంధనం పూర్తిగా కాలక మసి పేరుకొనును. బిందెడు నీటికి బండి కట్టినట్లు!

దీనికి విరుగుడు ఆస్కోవ్ పల్లెలో ఉన్నదే. ఇంజనును కొద్ది గంటలు నిండు భారంతో నడిపి ఘటాలను నింపవలెను. తరువాత దానిని ఆపి ఘటాలతో టవరును నడపవలెను. సౌరపలకలు కూడ ఉంటే ఇంజను గంటలు ఇంకా తగ్గును. ఒక్కొక్క లీటరు డీజిల్ మిగిలితే సుమారు 2.6 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరదు. 2012లో కేంద్ర ప్రభుత్వం, 2015 నాటికి గ్రామాలలో 50 శాతం, పట్టణాలలో 20 శాతం టవర్లు మిశ్రమ విద్యుత్తుతో నడవాలని నిర్దేశించినది. ఆదేశం తేలికే, ఘటాలను కాపాడుట కష్టం. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగితే సీసపు ఘటం ఆయుర్దాయం దాదాపు సగమగును. రెంటచింతల ఎండ ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

టవర్లు మోసుకొచ్చే సమాచారాన్ని దాచి లెక్కకట్టే కంప్యూటర్ల నిలయాలు, అనగా డేటా సెంటర్లు, కూడ ఇటువంటి చోట్లకే రావలసి వచ్చినది. నిపుణులు దొరకని చోట అటువంటి భవనాన్ని కట్టుట దుస్తరం. దానిని కర్మాగారంలోనే తయారుచేసి, పరీక్షించి, ఓడపై పంపితే? సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2006లో 20 అడుగుల ఓడపెట్టెలో ఇమిడిన కంప్యూటర్ కేంద్రాన్ని ప్రకటించినది. గూగుల్ సంస్థ 2005 నుండే అటువంటి పెట్టెలు 45 ఉన్న కేంద్రాన్ని నడుపుతున్నట్లు 2009లో వెల్లడించినది. ఒక్కొక్క పెట్టెలో 1160 వరకు కంప్యూటర్లు, ప్రతిదానికి స్వంతంగా ఒక 12 వోల్టుల ఘటం! స్వీడనుకు చెందిన ఫ్లెక్సెన్‌క్లోజర్ సంస్థ టవర్లకు మిశ్రమ విద్యుత్ యంత్రాలను, ఉక్కుభాగాలను జోడించి నిలిపే డేటా సెంటర్లను కూడ తయారుచేసినది.

ఇంత పెద్ద కేంద్రాలలో ఘటాలు సాధారణంగా కొద్ది నిమిషాలకే సరిపోవును. విద్యుత్తు పోగానే బయట ఉన్న డీజిల్ ఇంజను మేల్కొని పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకండ్లు పట్టును. ఆ కాస్త వ్యవధిలో మొత్తం భారాన్ని ఘటాలే మోయవలెను.