ఎడారిలో ఆవగింజంత చుక్క

జోర్డాన్ ఎడారిలో ఒక బావి. దారి చూపే బెదూయిన్ నీళ్లు తోడుతూ ఉన్నట్టుండి ఆగి దూరంగా చూస్తాడు. నేలా ఆకాశమూ కలిసేచోట, ఎండమావిలో, ఆవగింజంత నల్లచుక్క ఒకటి కదులుతూ ఉంటుంది. సంగీతం లేదు, మాట లేదు. చుక్క గీత అవుతుంది, గీత ఒంటె మీద మనిషి అవుతుంది. మిత్రుడో శత్రువో తేలకముందే తుపాకీ పేలుతుంది, బెదూయిన్ కూలిపోతాడు. 1962లో డేవిడ్ లీన్ తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో ఒమర్ షరీఫ్ ప్రవేశం ఇది. ఈ ఒక్క షాట్ కోసం ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ 482 మిల్లీమీటర్ల పొడవాటి లెన్స్ తెప్పించుకున్నాడు. ఇలా వెడల్పాటి ఫిల్మ్ మీద తీసే పెద్ద ఫార్మాట్ సినిమా అనగానే కోటలు, సైన్యాలు, వేలాది గుర్రాలు గుర్తొస్తాయి. కానీ ఆ ఫిల్మ్ అసలు గొప్ప చిన్నవాటి దగ్గరే తెలుస్తుంది. చిన్నదాన్ని చిన్నదిగానే ఉంచి, అయినా కంటికి ఆనేలా చేయడం దాని పని. అందుకే ఆ సినిమాలు పెద్ద తెర మీద తప్ప పూర్తిగా కనపడవు.

ఇందులో మంత్రమేమీ లేదు, కొలతలే. ఇళ్లలోకి టెలివిజన్ వచ్చి ప్రేక్షకులు హాళ్లకు దూరమవుతున్న రోజుల్లో, ఇంట్లో దొరకనిదేదో చూపించక తప్పని స్థితిలో పడింది అమెరికా సినిమా పరిశ్రమ. 1955లో ‘ఓక్లహామా’తో టాడ్-ఏఓ పద్ధతి తెరకెక్కింది. కెమెరాలో 65 మిల్లీమీటర్ల నెగటివ్, హాలుకు పంపే ప్రింటు 70. ఆ అదనపు ఐదు మిల్లీమీటర్ల చలవతో ఆరు అయస్కాంత సౌండ్ ట్రాకులకు చోటు దొరికింది. ఒక్కో ఫ్రేము వైశాల్యం 35 ఎం.ఎం. ఫ్రేముకు దాదాపు మూడింతలు. బొమ్మను తెర మీద ఎంత సాగదీసినా పలచబడదు. దర్శకుడికి దీనివల్ల దక్కిన స్వేచ్ఛ ఒకటుంది: ముఖం చూపించాలంటే ముఖం దగ్గరికే వెళ్లనక్కర్లేదు. మనిషిని దూరంగా వదిలేసి, వెతికి పట్టుకునే పనిని ప్రేక్షకుడి కంటికి అప్పగించవచ్చు.

లీన్ ఆ చుక్కను ఒక్కసారి వాడి వదిలేయలేదు. నెఫూద్ ఎడారి దాటుతుండగా గాసిమ్ అనేవాడు ఒంటె మీంచి జారి వెనకబడిపోతాడు. ఆ పాత్ర వేసింది మన హిందీ నటుడు ఐ.ఎస్. జోహర్. గాసిమ్‌ను వెతకడానికి కథానాయకుడు లారెన్స్ ఒక్కడే వెనక్కి వెళతాడు. ఎడారి అంచున ఒక కుర్రాడు ఎదురుచూస్తూ ఉంటాడు. మళ్లీ ఖాళీ దిక్చక్రం, మళ్లీ చుక్క. మొదటి చుక్క చావును తెచ్చింది, ఈ చుక్క బతుకును తెస్తోంది. ఆ తర్వాత అదే గాసిమ్‌ను లారెన్స్ తన చేత్తోనే కాల్చి చంపాల్సి వస్తుంది. కథ మలుపులన్నీ వేలాడుతున్నది ఆ చుక్క మీదే. ఇప్పుడు లెక్క వేద్దాం. తెర వెడల్పులో అయిదువందల వంతు ఉండే మనిషి, 20 మీటర్ల తెర మీద 4 సెంటీమీటర్లు ఉంటాడు. 1.2 మీటర్ల వెడల్పున్న టీవీలో రెండున్నర మిల్లీమీటర్లకు కూడా రాడు. ఆ రెండున్నరలో వాడు మనిషో, గాజు మీది దుమ్మో! పాత చదరపు టీవీల కాలంలో సంగతి ఇంకా ఘోరం. తెర నిండాలని బొమ్మను పక్కల కత్తిరించేవారు. నూటికి నలభై వంతుల ఎడారి అలా గాలికి పోయేది.

టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంటే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. కోణం లెక్కన నిజమే, చుక్క కొంత పెరుగుతుంది. ఓపిక మాత్రం పెరగదు. చుక్క మనిషి అయ్యేదాకా ఆగడమే ఆ దృశ్యం; చేతిలో రిమోట్ ఉన్నవాడు ఆగడు. ఈ సినిమా అసలు తెర తెరుచుకోకముందే, నాలుగు నిమిషాలకు పైగా మోరిస్ జార్ సంగీతంతో మొదలవుతుంది. ఇంట్లో ఆ నల్లటి తెర చూసినవాళ్లు సెట్ పాడైందేమో అనుకుంటారు. ఫిల్మ్ మీద చూస్తేనే అసలైన అనుభవం, డిజిటల్ దండగ అనే వాదం మాత్రం నాకు ఎక్కదు. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు ఎర్రబారిపోతాయి, గీతలు పడతాయి. 1989లో రాబర్ట్ హారిస్ ఈ సినిమాను ముక్కముక్క ఏరి పునరుద్ధరించినప్పుడు, సౌండ్ దొరకని సన్నివేశాలకు పీటర్ ఓటూల్ వంటివారు పాతికేళ్లు దాటాక మళ్లీ గొంతు ఇచ్చారు. 2012లో నెగటివ్‌ను 8కే స్కాన్ చేసి 4కే కాపీ తయారుచేశారు. అది పెద్ద హాల్లో పడితే చుక్క చుక్కలాగే కనిపిస్తుంది. ఫిల్మా డిజిటలా అన్నది రెండో ప్రశ్న. తెర పరిమాణమే మొదటిది.

ఆడంబరం తప్ప ఈ సినిమాల్లో ఇంకేముందనేది బరువైన ఆక్షేపణ. 1963 నాటి ‘క్లియోపాత్రా’ను చూపించి అంటే ఒప్పుకోవాల్సిందే. అయితే 1967లో ఫ్రాన్స్‌లో జాక్ టాటీ తీసిన ‘ప్లేటైమ్’ కూడా 70 ఎం.ఎం.లోనే ఉంది. అందులో యుద్ధాలు లేవు. గాజు ఆఫీసులు, బూడిదరంగు గదులు, దారితప్పిన ఒక పెద్దమనిషి. క్లోజప్పులు దాదాపు లేవు. నవ్వులన్నీ ఫ్రేము మూలల్లో, ఒకేసారి మూడునాలుగు చోట్ల జరిగిపోతుంటాయి; ఏది చూడాలో ఎవరూ చెప్పరు. నగరమంత సెట్టు కట్టి టాటీ అప్పులపాలయ్యాడు. చిన్న తెర మీద చూసినవాళ్లకు అది నవ్వు రాని హాస్యచిత్రం.

మనకు 70 ఎం.ఎం. అనే మాట ఎంత దగ్గరైందంటే, హైదరాబాద్‌లో సంధ్య, దేవి వంటి హాళ్ల పేర్లలోనే కలిసిపోయింది. 1986లో కృష్ణ ‘సింహాసనం’ తొలి తెలుగు 70 ఎం.ఎం. సినిమాగా వచ్చినప్పటి సందడి పాతతరం ఇప్పటికీ తలుచుకుంటుంది. కాకపోతే ‘షోలే’ వంటిది 35 ఎం.ఎం.లో తీసి, ప్రింటులో 70కి పెంచినది. నెగటివ్‌లో లేని వివరం ప్రింటులో పుట్టదు. పెరిగింది వెలుగూ, శబ్దమూ. తెర మీద నాణెం కిందపడితే జనం సీట్ల కింద వెతుక్కున్నారన్న కథ ఊరికే పుట్టలేదు. అంటే మనకు 70 ఎం.ఎం. కంటికన్నా చెవికే ఎక్కువ అందిందన్నమాట. 2022లో ‘పోకిరి’ మళ్లీ విడుదలైనప్పటి నుంచి పాత సినిమాలకు ఉదయం ఆటలు వేయడం మనవాళ్లకు కొత్త కాదు. అలాంటి ఆట ఒకటి ‘లారెన్స్’కు ఇవ్వడానికి పెద్ద తెరలున్నాయి, 4కే కాపీ ఉంది. మొదటి నాలుగు నిమిషాల సంగీతాన్ని ప్రకటనలనుకుని ఆపరేటర్ కోసేయకుండా చూసుకోవాలి, అంతే.