మా తమ్ముడి లెదర్ జాకెట్, మా తాత లంద

పోయిన నెల మా చిన్నాయన కొడుకు నాకు వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపిండు. నాలుగూ లెదర్ జాకెట్లే. కింద ఒక్కటే లైను: "అన్నా, ఇండ్ల ఏది తీసుకోవాలె?"

వాడు హన్మకొండలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్ బుల్లెట్ కొన్నాడు. చలికాలంలో దోస్తులతో కలిసి తెల్లారకముందే బయల్దేరి లక్నవరం పోవాలని ప్లాన్. ఫలానాది కొనుక్కో అని ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది. కానీ ఆ ఫోటోలు చూస్తుంటే, వీడికి తోలు గురించి చెప్పాల్సింది మా ఇంట్లోనే చాలా ఉంది కదా అనిపించింది. అక్కడికి మెల్లగా వస్తా. ముందు జాకెట్ల సంగతి చూద్దాం.

మొదటి ఫోటోలో జిప్పు ఛాతీ మీద అడ్డంగా, ఏటవాలుగా పోతుంది. పెద్ద కాలరు, నడుముకి బెల్టు. సినిమాల్లో రౌడీ హీరో అనగానే గుర్తొచ్చే జాకెట్ ఇదే. దీన్ని 1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ అనే ఆయన తయారుచేశాడు. తనకిష్టమైన చుట్ట పేరే దానికి పెట్టాడు: పర్ఫెక్టో. ధర అయిదున్నర డాలర్లు. మరి జిప్పు పక్కకి ఎందుకు? బండి మీద ముందుకి వంగినప్పుడు నిటారు జిప్పు పొట్టలో గుచ్చుకుంటుంది. పక్కకి జరిపితే గుచ్చుకోదు, పైగా తోలు ఒక మడత మీద ఇంకో మడత పడి ఎదురుగాలిని ఆపుతుంది. అంటే స్టైల్ అనుకుంటున్నదంతా మొదట్లో పని కోసం పుట్టిందే. 1953లో మార్లన్ బ్రాండో 'ది వైల్డ్ వన్' సినిమాలో ఇలాంటిదే వేసుకున్నాక అది తిరుగుబాటుకు గుర్తయింది. ఆ సినిమాను బ్రిటన్ సెన్సార్ వాళ్లు 1960ల చివరి దాకా ఆపేశారు. పిల్లలు చెడిపోతారని భయం!

రెండో ఫోటో బాంబర్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే ఇందులో మనం కూడా ఉన్నాం.

పైలట్ జాకెట్లలో పేరున్నది ఏ-2. అమెరికా సైన్యపు విమాన విభాగం 1931లో తీసుకుంది. చొక్కా లాంటి కాలరు, రెండు జేబులు, నడుముకీ మణికట్టుకీ అల్లిన ఉన్ని పట్టీ. ఆ పట్టీ చలిగాలి లోపలికి దూరకుండా పట్టి ఉంచుతుంది. అదే కాలంలో ఇంగ్లండ్‌లో పారాచూట్లు తయారుచేసే లెస్లీ ఇర్విన్ అనే అమెరికన్ ఇంకో రకం చేశాడు. గొర్రెతోలును ఉన్నితో సహా వాడి, ఉన్ని లోపలికి, తోలు బయటికి వచ్చేలా కుట్టించాడు. కారణం ఉంది. 20 వేల అడుగుల ఎత్తులో చలి సున్నాకు సుమారు 25 డిగ్రీల కింద ఉంటుంది. అప్పటి చాలా విమానాల్లో హీటర్ ఉండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ఫోటోల్లో బ్రిటిష్ పైలట్లు వేసుకుని కనిపించే బొద్దు కాలరు జాకెట్ ఇదే.

ఇప్పుడు వినండి. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మనీ విమానాలతో కొట్లాడిన దళాల్లో రెండింటికి మన రాజ్యం పేరుంది: 152 హైదరాబాద్ స్క్వాడ్రన్, 253 హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. మొదటిది స్పిట్‌ఫైర్లు నడిపింది, రెండోది హరికేన్లు. 152 దళం ముద్ర మీద ఉన్నది నిజాం తలపాగా. దాని నినాదం 'నమ్మకమైన మిత్రుడు'. ఆంగ్లేయులు నిజాంకిచ్చిన బిరుదు కూడా అదే. అంతకుముందు 1918లోనే 110వ దళానికి విమానాలు కొనిచ్చింది ఏడో నిజామే. అందుకే దాని పేరులోనూ హైదరాబాద్ ఉంటుంది. ఆ రాజ్యానికి శిస్తు కట్టిన ఊళ్లలో మన వరంగల్ ఊళ్లూ ఉన్నాయి. మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం పక్కనుంచి మనం ఎన్నిసార్లు పోయుంటాం! ఆ రన్‌వే చూసినప్పుడల్లా నాకు ఇర్విన్ జాకెట్ గుర్తొస్తుంది.

అదే కాలంలో మన ఊళ్లలో తోలు పని చేసేవాళ్ల బతుకు ఎట్లుండేది? మాదిగ కులపోళ్లు దొరలకి చెప్పులు, మోటకు తోలు, ఎడ్లకు వార్లు వెట్టికి చేసివ్వాలి. కూలి లేదు. ఎదురు మాట్లాడితే దెబ్బలు.

మా తాత ఆ కాలంలో పుట్టినవాడే.

మిగతా రెండు ఫోటోలు తొందరగా ముగిస్తా. మూడోది కేఫ్ రేసర్: నిటారు జిప్పు, మెడ చుట్టూ సన్నని పట్టీ, మీద ఏమీ ఉండదు. 1950లు, 60లలో లండన్ కుర్రాళ్లు ఏస్ కేఫ్ లాంటి చోట్ల చేరి బండ్ల మీద పందాలు వేసేవాళ్లు. స్పీడ్‌లో కాలరు కొట్టుకోకూడదు కాబట్టి కాలరే తీసేశారు. నాలుగోది స్వెడ్, చేతులకి కుచ్చులు వేలాడుతున్న కౌబాయ్ రకం. మనవాళ్లకి కౌబాయ్ అంటే కృష్ణ, 1971 'మోసగాళ్లకు మోసగాడు'. చూడ్డానికి బాగుంటుంది గానీ, స్వెడ్ మీద ఒక్క వాన పడిందంటే మరక పోదు. వరంగల్‌లో దాన్ని కొనడం డబ్బులు దండగ. ఇది నా అభిప్రాయం, కోపం తెచ్చుకోకండి.

సరే, తోలు దగ్గరికొద్దాం.

మా తాతకి ఇంటి వెనక లంద ఉండేది. లంద అంటే తోళ్లు నానబెట్టే గోలెం. పచ్చి తోలును ముందు సున్నం నీళ్లలో వేసి, వెంట్రుకలు రాలాక గీకి, కడిగి, తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో వారాల తరబడి ఉంచాలి. మధ్యమధ్యలో తీసి, తొక్కి, మళ్లీ వేయాలి. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు, మన రాష్ట్ర పుష్పం, అదే చెట్టు. దాని బెరడులో తోలును కుళ్లకుండా కాపాడే గుణం ఉంది. ఇంగ్లీషులో దానికి 'టానర్స్ కేసియా' అని పేరు, అంటే తోలు పదును చేసేవాళ్ల చెట్టు. మద్రాసు రేవు నుంచి లండన్‌కి పోయిన తోళ్లు కూడా ఒకప్పుడు ఈ బెరడుతో పదును చేసినవే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగానికి మద్రాసు తోలు వాడారు.

కానీ తంగేడు తోలు గట్టిగా ఉంటుంది. మోటకు, చెప్పులకు, వార్లకు బాగుంటుంది. ఇవాళ షాపులో మెత్తగా జారే జాకెట్ ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసిన తోలుతో కుట్టింది. 1884లో న్యూయార్క్‌లో అగస్టస్ షుల్జ్ పేటెంట్ తీసుకున్నాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. వారాల పని ఒకట్రెండు రోజులకొచ్చింది. చెన్నైలో క్రోమ్‌పేట ఉంది కదా, అక్కడి క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్లే ఆ పేరు. అయితే క్రోమ్ నీళ్లు శుద్ధి చేయకుండా వదిలితే బావులు పాడవుతాయి. తమిళనాడులో పాలారు ఒడ్డున జరిగింది అదే.

ఈ కథలో మన తెలుగాయన ఒకరున్నారు. యలవర్తి నాయుడమ్మ గారు, 1922లో తెనాలి దగ్గర యలవర్రులో పుట్టారు. అమెరికాలో లీహై యూనివర్సిటీలో చదివొచ్చి, 1958లో మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకి డైరెక్టర్ అయ్యారు. రైతు కుటుంబం నుంచి వచ్చి, జనం ముక్కు మూసుకునే పనిని సైన్స్‌గా చేసుకున్నారు. మనం పచ్చి తోళ్లు అమ్ముకుని, వాటితో చేసిన వస్తువుల్ని మళ్లీ కొనుక్కోవడమేంటని అడిగినవాళ్లలో ఆయన ముందుంటారు. 1973లో ప్రభుత్వం పచ్చి తోళ్ల ఎగుమతి ఆపేసింది. 1985 జూన్ 23న కనిష్క విమానంలో బాంబు పేలి ఆయన చనిపోయారు.

మా తాత లంద అంతకుముందే ఎండిపోయింది. కరెంటు మోటార్లొచ్చి మోట పోయింది, రబ్బరు చెప్పులొచ్చి తోలు చెప్పులు పోయాయి. నేను పుట్టేసరికి ఆ గోలెంలో కోళ్లు గుడ్లు పెట్టేవి. అయినా బడిలో నా పక్కన కూర్చునేవాడు "మీ ఇంట్ల వాసనొస్తదట కదా" అన్నాడు. అప్పటి నుంచి దోస్తులెవర్నీ ఇంటికి పిలవలేదు, ఇంటర్ అయ్యేదాకా. ఇవాళ అదే కుర్రాళ్లు జాకెట్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని "ఒరిజినల్ రా, వాసన చూడు" అంటున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ నవ్వు కూడా రాదు.

ఇదంతా మా తమ్ముడికి ఫోన్‌లో చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తాత చేసిండా గీ పని? నాకెవ్వరు చెప్పలే" అన్నాడు. నిజమే, చెప్పలేదు. దాచింది మేమే.

ఆదివారం ఇద్దరం కలిసి షాపుకి పోయాం. మొదట చూపించినదాన్ని లోపలి వైపు అంచు దగ్గర తిప్పి చూస్తే గుడ్డ కనిపించింది. అంటే పీయూ, మీద ప్లాస్టిక్ పూత. మన ఉక్కకి రెండు మూడు వానకాలాల్లో పొట్టు లేస్తుంది. అసలు తోలు అయితే అంచులో పీచు పీచుగా ఉంటుంది, పైన రంధ్రాలు ఒక వరుసలో ఉండవు. 'జెన్యూన్ లెదర్' అన్న లేబుల్ చూసి మోసపోకండి. తోలే అని తప్ప మంచి తోలని దానికి అర్థం కాదు. ఇంకో మాట: గొర్రెతోలు జాకెట్ చలికి సరిపోతుంది గానీ, బండి మీద పడితే కాపాడదు. రైడింగ్ కోసమైతే దళసరి ఆవుతోలు లేదా గేదెతోలు, మోచేతికీ భుజానికీ గట్టి ప్యాడ్లు ఉండాలి. మన ఎండలకి మెష్ జాకెట్ ఇంకా మేలు. వాడు వినలేదు. గొర్రెతోలుతో కుట్టిన కేఫ్ రేసర్ తీసుకున్నాడు. ప్యాడ్లు మాత్రం విడిగా కొనిపించా.

ఇంటికి తెచ్చాక నాయనమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. "గొర్రెది. పల్చగ గీకిండ్రు, మంచిగనే గీకిండ్రు" అంది. తర్వాత లోపలికి పోయి ఆముదం సీసా తెచ్చింది, తాత చెప్పులకి రాసేవాడట. "వద్దే నాయనమ్మా, ఇది క్రోమ్ తోలు, మరక పడ్తది" అని నేనంటున్నా. మా వాడు అప్పటికే చేతి లోపలి అంచు తిప్పి ఆమె ముందు పెట్టాడు.