పేరులోకి మతం ఎట్లా వచ్చింది?

మతాంతర వివాహం చేసుకొన్న దంపతులకు సమాజం పెట్టే పరీక్ష పెళ్లితో ముగియదు. బిడ్డ బారసాలనాడు మళ్లీ మొదలవుతుంది.

నేను హిందూ కుటుంబంలోను, నా భార్య దళిత క్రైస్తవ కుటుంబంలోను పుట్టాము. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకొన్నాము. మాకు ఆడపిల్ల పుట్టగానే రెండువైపుల పెద్దలూ వేసిన ప్రశ్న ఒక్కటే: "ఏ మతం పేరు పెడతారు?" వెంకటేశ్వరస్వామి పేరు కలిసిరావాలని మా అమ్మ పట్టు. బైబిలులోని పేరు కావాలని మా అత్తగారి కోరిక. వారి ప్రేమను నేను శంకించను. కాని ఆ ప్రశ్న వెనుక ఒక ఊహ ఉంది. ప్రతి పేరూ ఏదో ఒక మతం సొత్తేననీ, అనాదిగా ఇంతేననీ ఆ ఊహ. చరిత్ర ఇందుకు సాక్ష్యం చెప్పదు.

దూరం పోనక్కరలేదు, మా ఇంటితోనే మొదలుపెడతాను. మా నాయనమ్మది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలు దక్కలేదట. నాలుగో కానుపుకు వాళ్లమ్మ కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకొంది. బిడ్డ బతికింది, మస్తానమ్మ అయింది. రోజూ తులసికోట దగ్గర దీపం పెట్టేది, ఏటా గంధోత్సవానికి కసుమూరు పోయేది. తన పేరు పరాయి మతానిదన్న ఆలోచన ఆమెకు కలిగినట్టు నేనెన్నడూ ఎరుగను.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. రాయలసీమలో దస్తగిరి, పక్కీరప్ప, కుళ్లాయప్ప అనే పేర్లు ఎన్ని కులాలలో లేవు! దస్తగిరి అంటే పారశీకంలో చేయి పట్టుకొనేవాడు. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన అబ్దుల్ ఖాదిర్ జీలానీకి బిరుదు. కుళ్లాయిస్వామి అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం నాడు పూజలందుకొనే పీరు. నల్లగొండ ప్రాంతపు సైదులు, సైదమ్మలు జాన్‌పహాడ్ దర్గా మొక్కుబడులు. వరంగల్లు ప్రాంతపు యాకయ్య, యాకమ్మల పేర్లు అన్నారం యాకూబ్ షావలీ దర్గా నుంచి వచ్చాయి.

ఈ చివరి పేరును కాస్త పరిశీలించండి. యాకూబ్ అనేది ఒక హీబ్రూ నామానికి అరబ్బీ రూపం. అదే నామం బైబిలు మీదుగా తెలుగులో యాకోబు అయింది. అంటే పక్కపక్క వాడల్లో ఉండే హిందూ యాకయ్య, ముస్లిం యాకూబ్, క్రైస్తవ యాకోబు ముగ్గురిదీ ఒకటే పేరు! పల్లెజనం చేసిన పనినే పండితులూ చేశారు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580)ను మన కవులు మల్కిభరాముణ్ణి చేసుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే. బైబిలులో అబ్రహాము, ఖురానులో ఇబ్రహీం అయిన పేరు తెలుగు నోట రాముడిగా ముగిసింది.

అయితే దీన్ని మతసామరస్యమని మురిసిపోయి ఊరుకొంటే చరిత్రలో సగమే చెప్పినట్టు. ఈ పేర్లకు పుట్టుక ఆదర్శంలో లేదు, అవసరంలో ఉంది. పెంటయ్య, పుల్లయ్య అనే పేర్లు ఎట్లా వచ్చాయి? పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, మృత్యువు కన్ను పడకుండా పసికందును పెంటకుప్ప మీదా, ఎంగిలి విస్తరి మీదా దొర్లించి ఆ పేర్లు పెట్టారు. వైద్యం ఎరుగని పేదతల్లికి దర్గా అయితేనేం, గుడి అయితేనేం! ఆమె బిడ్డ ప్రాణం అడిగింది, మతం అడగలేదు.

పైగా ఆ సమాజం దళితులకు పేరును పూర్తిగా దక్కనివ్వనూ లేదు. తల్లిదండ్రులు ఏ దేవుడి పేరు పెట్టినా, దొర వాకిట్లో చివరన 'గాడు' చేరవలసిందే. మిషనరీల బాప్తిస్మాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. 1866లో క్రైస్తవుడైన ఎర్రగుంట్ల పేరయ్య పాత పేరుతోనే చరిత్రకెక్కాడు. 1878 జూలై 3న, ఘోరకరువు వెన్నంటే, ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తరువాతి తరాలలో యోహాను, పౌలు, సువార్తమ్మ వంటి పేర్లు స్థిరపడ్డాయి. ఊరు ఇవ్వని గౌరవాన్ని ఆ పేర్లలో వెతుక్కొన్నవారిని తప్పుపట్టే అర్హత ఊరికి లేదు. కాని పేరు మారినంత మాత్రాన కులం వదలలేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాకు బైబిలు వీరుడి పేరుంది. అంటరానితనం మాత్రం ఆయన్ను జీవితాంతం వెన్నాడింది. ఒకవైపు అగ్రకుల పండితులు, మరొకవైపు పురాణగాథల మీద పద్యాలేమిటన్న క్రైస్తవులు ఆయన్ను నిలదీశారు.

ఇక స్వతంత్ర రాజ్యం చేసిన పని చూద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులను 1970లో వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో వేసి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. ఫలితమేమిటి? మా మామగారికి రెండు పేర్లు: చర్చిలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. చర్చి పేరుతో పిలిస్తే ఇప్పటికీ ఆయన చుట్టూ చూసి గాని పలకరు. దీన్ని మోసమనేవారున్నారు. కులాన్ని మోయిస్తూనే ఆ కులానికిచ్చే రక్షణను మతం పేరిట లాక్కొన్న చట్టానిదా మోసం, చదువుకోసం రెండో పేరు దాల్చిన కుర్రవాడిదా?

పేరులో మతాన్ని గట్టిగా బిగించింది ఈ రిజిస్టరే. మస్తానమ్మకు రిజిస్టరుతో పని పడలేదు. మా మామగారికి పడింది.

ఈ ముడిని తెంపిన వారూ ఉన్నారు. నాస్తికుడు గోరా 1930లో, ఉప్పు సత్యాగ్రహపు ఏడాది పుట్టిన కొడుక్కు లవణం అని పేరు పెట్టారు. ఆ లవణాన్నే 1960లో జాషువా కుమార్తె హేమలత వివాహమాడింది. మన కుటుంబాల్లో మాత్రం చాలామంది పిల్లలకు లెనిన్ అనీ, స్టాలిన్ అనీ పెట్టుకొన్నాం. అదీ ఒక మొక్కుబడేనేమో, మనమే ఆలోచించుకోవాలి. నేడు మతాతీతమని చెప్పి సంస్కృత నామాలు ఏరుకోవడం ఇంకొక పద్ధతి. ఒక పక్షపు భాషను అందరికీ సామాన్యమనడం తటస్థత ఎట్లా అవుతుంది?

2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రపు దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే గడి కూడా ఉండాలని ఆదేశించింది. ఇది చిన్న విజయం కాదు. కాని గడి ఖాళీ చేసే హక్కుతోనే పని పూర్తికాదు. గడి నింపినందుకు ఎవరూ శిక్ష అనుభవించని రోజు కూడా రావాలి.

మా పాపకు నాయనమ్మ పేరే పెట్టాము. "అది సాయిబుల పేరు కదా?" అన్నారు అత్తగారు. "కాదు, మా అత్త పేరు" అంది మా అమ్మ. వెంకటేశ్వరుణ్ణి వదులుకోవడం ఆమెకు సులువు కాలేదు. మామగారు మాత్రం, "ఈ పిల్లకు ఒక్క పేరే ఉంచండి" అన్నారు.

ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ ఒక మనవి. మీ ఊరి బడి పాత రిజిస్టర్లు తిరగేయండి. ఏ పేర్లు ఎప్పుడు మాయమయ్యాయో, ఎందుకు మాయమయ్యాయో రాసిపెట్టండి. రాజుల శాసనాలను భద్రపరిచినవారున్నారు; మస్తానమ్మలకూ యాకయ్యలకూ ఆ రిజిస్టర్లే శాసనాలు.