మీ ఆడవాళ్ళ సంగతేమిటి?

చోడవరంలో సభ దేని గురించైనా, మా వంతు వచ్చేసరికి ప్రశ్న ఒక్కటే. చెరకు ధర మీద మాట్లాడబోయినా, రిజర్వేషన్ల మీద మాట్లాడబోయినా, వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచి, చాలా మర్యాదగా, "అదంతా సరే గానీ, మీ ఆడవాళ్ళ సంగతేమిటి?" అంటాడు. అడిగేవాడు కాషాయం కట్టినవాడు కాదు. వాడైతే మాకు జవాబు వెతుక్కునే శ్రమ ఉండదు. ఈయన శ్రీశ్రీని కంఠస్థం చేసినవాడు, చలాన్ని దిండు కింద పెట్టుకుని పెరిగినవాడు, 1992 డిసెంబరు 6 తర్వాత మా ఇళ్ళకొచ్చి ధైర్యం చెప్పినవాడు. మా మిత్రుడు. కాబట్టే ఆ ప్రశ్న మమ్మల్ని వదలదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా గుచ్చుతూనే ఉంటుంది.

మేం ఈ ప్రాంతంలో కొద్దిమందిమి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ అల్లుకున్న ఊళ్ళలో ఒక్కో చోట నాలుగిళ్ళు, పదిళ్ళు. మా మాటలు మాత్రం ఊరంతా ఉన్నాయి. తాలూకా కచేరీకి వెళ్తే ఫసలీ, జమాబందీ, కిస్తు, దస్తావేజు. పక్కన మాడుగుల వెళ్తే హల్వా. ఆ మాటలు అరబ్బీవో ఫారసీవో అని ఎవరికీ గుర్తు రాదు. మాటలు కలిసిపోయాయి, మనుషులే కలవలేదని మా మీద ఫిర్యాదు. 2022లో జిల్లా విడిపోయి మేం అనకాపల్లి జిల్లా వాళ్ళమయ్యాం గానీ, ఇక్కడ చెప్పబోయే చరిత్రంతా పాత విశాఖపట్నం జిల్లాది. ఆ చరిత్ర మాకు నేర్పింది కూడా ఆ మిత్రులే. వాళ్ళు ఇచ్చిన పుస్తకాలే ముందు పెట్టుకుని, కొన్ని సంగతులు అడగాలనుకుంటున్నాం.

ముందు గురజాడ. ఆయన పుట్టిన రాయవరం మాకు దూరమేమీ కాదు. కన్యాశుల్కం మాదీ అనుకునే పెరిగాం, గిరీశం కోతలు మా ఇళ్ళలోనూ నవ్వించాయి. ఆ నాటకం 1897లో అచ్చయినప్పుడు గురజాడ రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా పూనికతో, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో డబ్బుకి జరిగిన పెళ్ళిళ్ళ జాబితా తయారైంది. మొత్తం 1034. అందులో 99 మంది పిల్లలకి అయిదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడు. చదివితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. తన కులం ఇంటి గుట్టు తనే బయటపెట్టిన మనిషి గురజాడ. ఆ నిజాయితీకి మేం ఎప్పుడూ దండం పెడతాం.

పేచీ గురజాడతో కాదు, ఆ తర్వాత చరిత్ర రాసినవాళ్ళతో. ఆయన బ్రాహ్మణ కుటుంబాల లెక్క అని స్పష్టంగా చెప్పినది, వీళ్ళ చేతుల్లో 'తెలుగు స్త్రీ' చరిత్ర అయిపోయింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం 'ఆంధ్ర దేశంలో మొదటి వితంతు వివాహం' అయిపోయింది. అప్పటికి ఎన్ని వందల ఏళ్ళ నుంచో మా ఇళ్ళలో బేవాకి మళ్ళీ నికా జరుగుతూనే ఉంది. మాకే కాదు, ఎన్నో శూద్ర, దళిత కులాల్లో మారుమనువు మామూలు విషయం. ఎవరూ పందిరి కింద ఉపన్యాసాలు ఇవ్వలేదు, పోలీసు కాపలా అవసరం పడలేదు, అందుకని అది చరిత్రకెక్కలేదు. రోగం ఉన్న ఇంటివాడు మందు తాగితే అది దేశం మొత్తం కోలుకున్నట్టు రాసుకున్నారు. ఆ రోగం లేని ఇళ్ళని మాత్రం వెనకబడ్డ ఇళ్ళన్నారు.

ఇలా అంటే, "మా మతంలో స్త్రీకి అన్నీ ఇచ్చారు" అని శుక్రవారం ఉపన్యాసం మొదలుపెడుతున్నామని అనుకోవద్దు. ఆ ఉపన్యాసం విని విని మాకూ విసుగొచ్చింది. కాగితం మీద ఉన్నదీ ఇంట్లో ఉన్నదీ ఒకటి కాదు. ఆస్తి సంగతే చూడండి. షరియత్ ప్రకారం కూతురికి వాటా ఉంది, కొడుకు వాటాలో సగం. సగమే ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న, మా ఆడవాళ్ళు అడుగుతున్నారు కూడా. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 చట్టంతో. మరి మా సగం వాటా ఏమైంది? 1937లో వచ్చిన షరియత్ చట్టం వ్యవసాయ భూమిని వదిలేసి మిగతావాటికే వర్తించింది. భూమి మీద ఆడవాళ్ళకి హక్కు ఇవ్వడమంటే ఢిల్లీలో కూర్చున్న మా పెద్ద భూస్వాములకీ చేతులు రాలేదన్నమాట. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపు తీసేసింది. అప్పుడు చోడవరం మద్రాసులోనే ఉంది కాబట్టి, అప్పటినుంచి మా ఆడపిల్లకి చెరకు పొలంలోనూ చట్టప్రకారం వాటా ఉంది. ఎంతమంది తీసుకున్నారు? పుట్టింటి రాకపోకలు పోతాయనే భయంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి అన్నదమ్ముల పేర సంతకం పెట్టి, ఒక చీర తీసుకుని తిరిగొచ్చారు. కమ్మవారి, కాపుల, వెలమల ఇళ్ళలోనూ అదే సంతకం, అదే చీర. పక్క పక్క బల్లల మీద పెట్టిన సంతకాలు. కానీ అభ్యుదయ మిత్రుడికి మా బురఖా కనపడుతుంది, ఈ సంతకం కనపడదు. కనపడితే ఆయన చెల్లెలు కూడా కనపడుతుంది.

ఆ బురఖా కూడా అందరిదీ కాదు. పత్తి ఏకి పరుపులు కుట్టిన దూదేకుల ఇళ్ళ ఆడవాళ్ళు, కలుపుకెళ్ళిన కూలి ఆడవాళ్ళు పరదా పాటించి ఉంటే వాళ్ళ పొయ్యి వెలిగేది కాదు. పరదా కొంత సంపన్నుల అలవాటు, కొంత భయం తెచ్చిన అలవాటు. ఊళ్ళో ఊరేగింపులు ఎక్కువైన ఏడు మా వీధిలో నల్ల గుడ్డ ఎక్కువ కొంటారు. ఈ లెక్క ఎవరూ తీయలేదు.

ఇక చలం. మైదానం వచ్చింది 1927లో. మన దగ్గర స్త్రీ స్వేచ్ఛ గురించి మాట్లాడే ప్రతివాడూ ఆ నవల మీదుగా నడిచినవాడే. వకీలు భార్య రాజేశ్వరి ఇల్లు వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఆమె చేసింది ఒప్పా తప్పా అని తెలుగు దేశం తొంభై ఏళ్ళు దాటి కొట్లాడుకుంది. అమీర్ గురించి ఎవరైనా కొట్లాడారా? కథంతా రాజేశ్వరి చెప్పగా వింటాం. అమీర్ మనకి ఆమె చూపుల్లోంచే తెలుస్తాడు: ఒళ్ళు, బలం, కోరిక, కోపం. అగ్రహారం గోడ కూల్చడానికి చలానికి ఒక గునపం కావాలి, గునపానికి తురక పేరు పెట్టాడు. పేరు పెట్టినందుకు మాకు కోపం లేదు, ఆ రోజుల్లో అంత తెగింపు ఇంకెవరికుంది? కానీ గునపానికి మనసుంటుందా అని పాఠకుడు అడగలేదు. మా మగవాడంటే ఒంటి బలమూ మోటు కోరికా, మా ఆడదంటే నోరులేని నీడ. ఈ రెండు బొమ్మలూ మతోన్మాది గోడ మీద ఒక రకంగా ఉంటాయి, అభ్యుదయవాది అలమారలో ఇంకో రకంగా ఉంటాయి. బొమ్మలు అవే. ఇప్పుడు పరాయి మతం అమ్మాయితో మా కుర్రాడు టీ తాగితే 'లవ్ జిహాద్' అంటున్నారే, ఆ మాట కొత్తది గానీ ఆ భయం పాతది. దాన్ని కదిలించే పని మైదానం పాఠకులు చేసి ఉండాల్సింది.

ఆడవాళ్ళ సంగతి ఇలా ఉంటే, రాజకీయ చరిత్ర వేరే గదిలో ఉందనుకుంటారు. రెండూ ఒకే గది. మా ఉత్తరాంధ్ర పిల్లలకి ముందు తెలిసే యుద్ధం బొబ్బిలి, 1757 జనవరి. విజయనగరం రాజు పంతం, ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు. కోట నిలవదని తెలిశాక లోపలి ఆడవాళ్ళని, పిల్లల్ని సొంత మగవాళ్ళే చంపారు. దాన్ని మనం వీరగాథ అంటాం. ఆ గాథని బుర్రకథగా కోస్తా అంతా తిరిగి పాడినవాడు షేక్ నాజర్, దూదేకుల ఇంటి బిడ్డ, ప్రజానాట్యమండలి కళాకారుడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఆయన గొంతుతో జనం ఏడ్చారు. మా నానీమా కూడా ఏడ్చిందట. మానం కోసం చచ్చిన ఆడవాళ్ళ కథకి ఒక ముస్లిం గొంతు ఇస్తే, ఆ గొంతు ఎవరిదని ఎవరూ అడగలేదు, ఆ రోజుల గొప్పతనం అది.

బొబ్బిలి ఆడవాళ్ళ కోసం ఏడ్చిన ఈ నేల, 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాదు రాజ్యంలో చచ్చిన ఆడవాళ్ళ కోసం ఒక్క కథ కట్టలేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చోడవరానికీ నిజాముకీ సంబంధం ఎప్పుడో తెగిపోయింది. ఉత్తర సర్కార్లని 1766లోనే కంపెనీకి వదిలేశాడు నిజాం అలీ. ఆ పేరున కంపెనీ కట్టే కప్పం కూడా 1823తో ముగిసింది. అయినా సెప్టెంబరు 17 వస్తే చాలు, మేమేదో నిజాం బంధువులమైనట్టు మా మొహాల వైపు చూస్తారు. రజాకార్ల దుర్మార్గాలు మాకు చిన్నప్పుడే చెప్పారు. అవి జరిగాయి, ఆడవాళ్ళ మీద జరిగాయి, ఒక్కటి కూడా కాదనం. తెలంగాణ సాయుధ పోరాటం అంటే మాకూ ఒళ్ళు పులకరిస్తుంది. 'మా భూమి' నాటకానికి ప్రేరణ బందగీ, ఆయన్ని చంపించింది దేశముఖు. మఖ్దూం మావాడు, షోయబుల్లాఖాన్ మావాడు.

కానీ 'పోలీసు చర్య' తర్వాత ఏం జరిగిందో ఆ పుస్తకాల్లో లేదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం 1948 చివర్లో ఆ జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని వాళ్ళ అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. మానభంగాలు, ఎత్తుకుపోవడాలు అందులో రాశారు. శవాలు కుళ్ళుతున్న బావులు రాశారు. ఒక బావిలో పదకొండు శవాలు లెక్కపెట్టారు, అందులో ఒక తల్లి, ఆమె రొమ్ముకి అతుక్కున్న పసిబిడ్డ. ఆ నివేదిక 2013 దాకా మామూలు జనం చేతికి రాలేదు. ప్రభుత్వం దాచింది సరే, దాచడం దాని పని. ప్రజల చరిత్ర రాస్తామన్నవాళ్ళు ఆ బావుల్లోకి ఎందుకు తొంగి చూడలేదు? ఆ తేదీని ఏమనాలో తేల్చుకోలేక విమోచనం, విలీనం, విద్రోహం అని మూడు మాటలు పెట్టుకుని కొట్లాడుకున్నారు. 2022లో ఢిల్లీ ఒక పేరుతో, తెలంగాణ ప్రభుత్వం ఇంకో పేరుతో ఉత్సవాలు చేశాయి. పేర్లకి లోటు లేదు. ఆ తల్లికి మాత్రం పేరు లేదు. మీ ఆడవాళ్ళ సంగతేమిటని అడిగే మిత్రుడు ఈ ఆడవాళ్ళ సంగతి ఒక్కసారి అడిగినా, మిగతా ప్రశ్నలకి మేం తల వంచి జవాబు చెప్పేవాళ్ళం.

తలాక్ గురించి చెప్పకపోతే తప్పించుకున్నారంటారు. 1985లో షాబానోకి సుప్రీంకోర్టు భరణం ఇచ్చింది, మా పెద్దలు వీధికెక్కారు, 1986లో రాజీవ్ ప్రభుత్వం చట్టం చేసింది. ఒక ముసలావిడ మనోవర్తికి ఇస్లాం మునిగిపోతుందన్న మా పెద్దల్ని చూసి మేం సిగ్గుపడ్డాం, కానీ బయటికి చెప్పలేదు. ఇల్లు కాలుతున్నప్పుడు ఇంట్లో పోట్లాట ఎందుకన్నాం. ఆ మౌనం మా నేరమే. 2001లో డేనియల్ లతీఫీ కేసులో కోర్టు ఆ చట్టంలోంచే ఆడవాళ్ళకి న్యాయమైన ఏర్పాటు తీసింది, 2017లో షాయరా బానో కేసులో మూడుసార్ల తలాక్‌ని కొట్టేసింది. వెళ్ళి పోరాడింది మా ఆడవాళ్ళే. 2019లో దానికి మూడేళ్ళ దాకా జైలు పెట్టారు. భార్యని నోటిమాట కూడా లేకుండా వదిలేసి పట్నం పోయిన మిగతా మగవాళ్ళకి ఏ జైలూ లేదు. ఆ తేడా గురించి మా మిత్రులు సభలో అడుగుతారని ఎదురుచూశాం.

కిందటి సభలోనూ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి మాతో మా ఆపా కూడా వచ్చింది. మేం గొంతు సవరించుకునే లోపలే లేచి, "ఈ హాల్లో ఉన్న బాబుల్లో చెల్లెలికి పొలంలో వాటా ఇచ్చినవాళ్ళు చెయ్యెత్తండి నాయనా" అంది. ముందు వరస, వెనక వరస చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి. అధ్యక్షులవారు టైము చూసుకుని వందన సమర్పణకి పిలిచారు. ఇంటికి నడుస్తుంటే, బాగా అడిగావు ఆపా అన్నాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. సందు మలుపులో ఆగి, "మీరూ ఎత్తలేదు కదరా. నా సంతకం కాగితం అమ్మీ పెట్టెలో అడుగునే ఉందా, ఇంకెక్కడన్నా పెట్టారా?" అంది.