ఈనెల అల్లిక, కాలువల చీలిక

ఆకు మొదలు నుంచి కొసదాకా సాగుతూ ఇరుపక్కలా సన్నని శాఖలుగా చీలే గీతను తెలుగులో ఈనె అంటారు. ఈనెలు అమరిన తీరుకు వృక్షశాస్త్రం ఈనెల వ్యాపనమని పేరు పెట్టి, రావి ఆకులో మాదిరి ఒకదానితో ఒకటి అల్లుకుపోతే జాలాకారమనీ, వరి ఆకులో మాదిరి పక్కపక్కనే సాగితే సమాంతరమనీ విభజించింది. వాడుకలో మాత్రం ఈనె అనగానే ముందుగా స్ఫురించేది కొబ్బరి ఈనె; ఆకును చీల్చి తీసిన ఆ పుల్లే చీపురు కట్టడానికీ, విస్తరి కుట్టడానికీ పనికొస్తుంది. తాటాకు గ్రంథాల కాలంలో నడిమి ఈనెను తీసివేశాకే కమ్మ మీద గంటం ఆడేది. బెండ రైతుకు ఈనె రోగసూచిక కూడా, ఎందుకంటే తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు మొదట ఈనెలనే పసుపుపచ్చగా మారుస్తుంది.

కొల్లేరు సరస్సు నీటిలో ఈనెల అమరికలోని భేదాలు ఒకేచోట కనబడతాయి. కాడ ఆకు నడుమ అతుక్కోవడం వల్ల తామరాకులో ఈనెలు నలుదిక్కులకూ పరుచుకుని అంచు చేరేలోగా చీలిపోతాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన గుర్రపుడెక్కలో అవి మొదట విచ్చుకుని కొస దగ్గర మళ్లీ ఒంగి కలుస్తాయి. కిక్కిసలో తిన్నగా సాగిపోతాయి.

పటంలో చూస్తే ఈ సరస్సు చుట్టూ ఉన్న కృష్ణా, గోదావరుల డెల్టా కూడా ఈనెలు తేలిన ఆకులాగే ఉంటుంది. బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి గోదావరి నీరు తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరితే, 1855లో ఆనకట్ట పూర్తయిన విజయవాడ దగ్గరి కృష్ణా నీరు పడమటి దిక్కు నుంచి వచ్చి అక్కడే కలుస్తుంది. పెద్ద కాలువ పిల్ల కాలువలుగా, పిల్ల కాలువ బోదెలుగా చీలే క్రమం ఆకును తలపించేదే అయినా, పోలిక అంతకు మించి సాగదు. ఆకులో ఒకే ఈనె లోపల నీటిని తెచ్చే దారువూ, తయారైన ఆహారాన్ని మోసుకుపోయే పోషక కణజాలమూ జంటగా ఉంటాయి. డెల్టాలో సాగునీటి కాలువ వేరు, మురుగు కాలువ వేరు. పైగా జాలాకార ఈనెలు వలయాలుగా మూసుకుని ఉండటం వల్ల పురుగు ఒకచోట కొరికినా నీరు చుట్టుతిరిగి అవతలికి చేరుతుంది, కాలువకు గండి పడితే మాత్రం శివారు పొలానికి చాలాసార్లు మరో దారి ఉండదు.

మురుగు విషయంలో ఈ ఇరుకు మరింత తీవ్రం. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులూ, ఎన్నో మురుగు కాలువలూ కొల్లేటిలో దిగుతుండగా, ఆ నీటిని సముద్రానికి చేర్చే సహజమైన దారి ఉప్పుటేరు ఒక్కటే. 2002లో చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కిన ఈ సరస్సులో చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం పెద్దయెత్తున తెగగొట్టించింది. అయినా ఉప్పుటేరు పూడికతోనో గుర్రపుడెక్కతోనో బిగుసుకున్న ఏడు, వరద వెళ్లే దారిలేక లంక గ్రామాల చుట్టూ నిలిచిపోతుంది.