సింగపూరు మైదానములలో తీర్పరి

సింగపూరులో పాత సుప్రీంకోర్టు భవనమునకు ఎదుట, సముద్రపుగాలి సోకు పచ్చని బయలును మలయులు పడాంగ్ అందురు. ఆ మాటకు మైదానమనియే అర్థము. దాని ఒక కొసను 1852లో దొరలు స్థాపించుకొనిన క్రికెట్ క్లబ్బును, రెండవ కొసను 1883లో యూరేషియనులు నెలకొల్పుకొనిన రిక్రియేషన్ క్లబ్బును ఎదురుబొదురుగా నిలిచియుండగా, నడుమనున్న గడ్డిమీద ఆ ద్వీపమున ఫుట్‌బాల్ వేళ్లూనెను. 1892లో సింగపూరు అమెచ్యూర్ ఫుట్‌బాల్ సంఘము ఏర్పడెను. ఆసియాఖండమున అంత పాత సంఘములు మిక్కిలి కొద్ది. ఆటల చరిత్ర వ్రాయువారు గెలుపోటముల పట్టికలను, గోలులు కొట్టినవారి పేర్లను శ్రద్ధతో భద్రపఱతురు గాని, ఫలానావాని కాలు ఏల విఱిగెను, విఱుగగొట్టినవానికి పడిన శిక్ష ఎంత, అదే తప్పు చేసిన మఱియొకడు శిక్ష లేక ఎట్లు బయటపడెను అను ప్రశ్నలను తాకకయే దాటిపోవుదురు. నాకు మాత్రము ఆ ప్రశ్నలే ఆట చరిత్రకు వెన్నెముకగా తోచును.

ఆ తొలినాళ్ల ఆటలో తీర్పరికి నేడున్న అధికారము లేదు. జట్టుకు ఒకరు చొప్పున ఇరువురు అంపైరులు ఉండెడివారు. వారికి మాట కుదరనప్పుడు మాత్రమే గీత వెలుపలనున్న రిఫరీని అడిగెడివారు. పెద్దమనుష్యులు ఆడు ఆటలో బుద్ధిపూర్వకముగా కాలడ్డువేయువాడు ఉండడను విశ్వాసమే దీనికి మూలము. ఆ విశ్వాసమును తొలుత శంకించినవాడు ఐర్లండు దేశమున ఆర్మా ప్రాంతపు మిల్‌ఫర్డ్ గ్రామవాసి, గోల్‌కీపరు, విలియం మెక్రమ్. గోలు పడబోవు క్షణమున ఎదుటివానిని పడద్రోసి లాభము పొందుటను అతడు సహింపలేక, అట్టి తప్పునకు గోలు ఎదుటనుండి స్వేచ్ఛగా తన్ను అవకాశమును శిక్షగా విధింపవలెనని ప్రతిపాదించెను. ఇది పెద్దమనుష్యులకు అవమానకరమని ఎందఱో కోపించిరి. అయినను 1891లో పెనాల్టీ శాసనమయ్యెను. ఆ సంవత్సరముననే రిఫరీ గీత దాటి మైదానము లోనికి వచ్చెను, అంపైరులు గీతకాపరులైరి. సింగపూరులో సంఘము ఏర్పడుట ఆ మఱుసటి యేడే గనుక, ఈ ద్వీపపు ఫుట్‌బాల్ సంఘము ఈల చేతబట్టిన తీర్పరితోనే పుట్టినదనవచ్చును.

ఆ ఐర్లండులోనే మఱియొక ఆట వేఱుదారి పట్టినది. 1884లో థర్లెస్ పట్టణమున గేలిక్ క్రీడాసంఘము ఏర్పడగా, మఱుసటి యేట మారిస్ డేవిన్ కూర్చిన గేలిక్ ఫుట్‌బాల్ నియమములు వెలువడెను. వెనుకనుండి త్రోయుట, కాలడ్డుపెట్టుట, వెనుకనుండి పట్టుకొనుట, తలతో కుమ్ముట తప్పులనియు, అట్టి తప్పు చేసినవాడు ఆట మాని ప్రక్కన నిలువవలెననియు, ఆ పిమ్మట ఆ పోటీలో మరల పాల్గొనరాదనియు, వాని స్థానమున వేఱొకని దింపరాదనియు ఆ నియమము. ఏది తప్పో తేల్చుట మాత్రము రిఫరీ చేతిలోనే. ఒకడు వెలుపలికి పోవును, వేఱొకడు ఆటలోనే నిలుచును; దయగల రిఫరీ వచ్చిన వారము ఒక తూకము, కోపిష్ఠి వచ్చిన వారము వేఱొక తూకము. ఆ ఆటలో శిక్షలు ఒకతీరుగా ఉండవను నేటి మొఱకు విత్తనము ఆ తొలి నియమముననే పడినదని నా నమ్మకము. పైగా ఆ ఆట స్వభావమే తీర్పరికి కఠినపరీక్ష. బంతిని చేత పట్టి పరుగెత్తువానిని ఆపవలెనన్న అఱచేతితో బంతిని మాత్రమే తట్టవలెను. భుజముతో భుజమును ఒరయవచ్చును గాని మీదపడరాదు. పరుగులో చేయి బంతిని తాకెనో మెడను తాకెనో ఒంటికంటితో నిర్ణయించు రిఫరీ కష్టమును తలచుకొన్నచో జాలి కలుగును; మెడకు దెబ్బ తగిలినవానిని తలచుకొన్నచో ఆ జాలి నిలువదు.

సింగపూరు కథకు మరలుదము. 1921లో మలయా అను యుద్ధనౌకవారు కానుకగా ఇచ్చిన మలయా కప్పును తొలియేటనే సింగపూరు గెలిచెను. 1929లో జలాన్ బెసార్ స్టేడియము తెఱచిరి. 1942లో జపానువారు చీనా పురుషులను నిలువబెట్టి చావుబ్రదుకులు తేల్చిన స్థలములలో అదియు ఒకటి. ఆ గడ్డిమీద ఆట మరల మొదలైనదన్న మాట తలచినప్పుడెల్ల నా మనస్సు బరువెక్కును. మలయులు, చీనీయులు, తమిళులు, దొరలు కలసి ఆడు మైదానమున రిఫరీకి ఎదురగు చిక్కు భాష. హెచ్చరించెనో, వెడలిపొమ్మనెనో తెలియనివాడు మొండికెత్తి నిలుచును. ఇట్టి చిక్కే 1966లో లండనులో లోకమెల్ల చూచుచుండగా సంభవించెను. అర్జెంటీనా నాయకుడు రటీన్‌ను జర్మను రిఫరీ బయటకు పొమ్మనగా, ఒకరి మాట ఒకరికి తెలియక అతడు ఎంతో సేపు కదలకుండెను. రిఫరీల పెద్ద కెన్ ఆస్టన్ కారులో ఇంటికి పోవుచు కూడలి సంకేతదీపపు పసుపును, ఎఱుపును చూచి కార్డులను ఊహించెను. 1970 ప్రపంచకప్పులో అవి ఆచరణలోనికి వచ్చెను. ప్రపంచకప్పున తొలి ఎఱ్ఱకార్డు మాత్రము 1974 జూను 14న చిలీ ఆటగాడు కార్లోస్ కాస్జెలీకి పడెను.

దానికి అయిదు దినముల తరువాత, జూను 19న, మ్యూనిక్ నగరమున పోలండు, హైటీ జట్ల నడుమ ఈల పట్టి నిలిచినవాడు సింగపూరు వాసి గోవిందసామి సుప్పయ్య. జార్జ్ సుప్పయ్య యని లోక మెఱుగును. పోలండు ఏడు గోలులతో గెలిచిన ఆ ఆట ఏకపక్షము గనుక దానిని గుఱించి ఎవరును ఎక్కువగా వ్రాయలేదు. కాని ఓడుచున్నవానికి కాలు విసరవలెనను బుద్ధి పుట్టునది అట్టి ఆటలోనే గనుక, ఏడు గోలుల ఆటను గొడవలేక ముగించుట రిఫరీకి చిన్న కార్యము కాదు. ముప్పదిరెండేండ్ల పిదప, 2006 జూను 10న, సింగపూరు వాడే యగు శంసుల్ మైదిన్ డోర్ట్‌మండులో, తొలిసారి ప్రపంచకప్పు ఆడుచున్న ట్రినిడాడ్ జట్టు రక్షకుని రెండవ పసుపుకార్డు మీద వెడలగొట్టెను. చిన్న దేశము కదా యని జాలిపడవలసిన పని తీర్పరిది కాదు. అతడు పడలేదు.

ఇంటిలోనే జరిగిన ఆట సంగతి వేఱు. 2007 జనవరి 31న కలాంగ్ స్టేడియమున థాయిలాండుతో ఆగ్నేయాసియా ఫైనలు మొదటి పోటీ 1–1గా సాగుచుండగా, చివర సింగపూరువాడొకడు గోలు ముంగిట పడిపోయెను. మలేసియా రిఫరీ పెనాల్టీ ఇచ్చెను. థాయి ఆటగాండ్రు సుమారు పావుగంట మైదానము విడిచి నిలిచిరి. పిదప వచ్చి ఆడిరి. సింగపూరు 2–1తో గెలిచెను. అది న్యాయమో కాదో ఇన్నేండ్లకు నేను తేల్చబోను. కాని క్రీడాకారుడు కఠినశిక్షకు నొచ్చుకొనడు. ఒకని కొక కొలత, వేఱొకని కొక కొలత అను అనుమానమునకే నొచ్చుకొనును. పావుగంటసేపు వట్టి గడ్డిని చూచుచు కూర్చున్న జనులకు అది తెలిసియుండును.

గేలిక్ ఆటయు ఐరిష్ ఉద్యోగుల వెంట సింగపూరు చేరినది. 1996లో మనీలాలో మొదలైన ఆసియా గేలిక్ క్రీడలనాటినుండి ఈ ప్రాంతపు జట్లు ఇంచుమించు ఏటేట కలియుచున్నవి. ఆ యేడే ఐర్లండులో మీత్, మేయో జిల్లాల గేలిక్ ఫుట్‌బాల్ ఫైనలు మఱుపోటీలో ఆటగాండ్రు గుంపులుగా తన్నుకొనగా, వెడలగొట్టబడినవారు జట్టుకొకరు చొప్పున ఇరువురే. మిగిలినవారి చేతులు శుభ్రమా యని నేటికిని అడుగుచునే యున్నారు. 2014లో నల్లకార్డు తెచ్చిరి; 2020నుండి ఆ కార్డు పడినవాడు పది నిమిషములు వెలుపల కూర్చుండవలెను, వాని బదులు ఎవరును దిగరాదు. బదులు దిగరాదన్న డేవిన్ మాటయే మరల వచ్చినది, గడియారముతో కూడ.

సెరంగూన్ రోడ్డుకు దగ్గఱనే ఫెరర్ పార్కు కలదు. ఒకప్పుడది గుఱ్ఱపుపందెముల బయలు. కొన్నేండ్ల క్రిందట ఒక ఆదివారపు సాయంకాలము అక్కడ మన శ్రీకాకుళపు కూలీలు, కరీంనగరపు కూలీలు బంతి ఆడుచుండగా చూచితిని. ఈల లేదు, నడివయస్కుడొకడు రెండు వ్రేళ్లు నోట పెట్టి ఊదుచుండెను. కుఱ్ఱవాడొకడు వెనుకనుండి కాలువిసరగా, “ఐదు నిమిషాలు. పోయి కూర్చో” యని వానిని నీళ్లడబ్బా దగ్గఱకు పంపెను. కొంతసేపటికి వేఱొకడు అట్లే కాలువిసరి, “బావా, బంతికే తగిలింది బావా!” యని చేతులు చాచెను. ఆయన ముంజేతి గడియారము వంక చూచెను. “ఐదు నిమిషాలే, నీకూ అంతే.” వాడు మడమ రుద్దుకొనుచు నీళ్లడబ్బా ప్రక్కకు పోయి, ముందువాడు గడ్డిమీద పఱచి వదలిన తువ్వాలు మీదనే కూర్చుండెను.